‘చేశాను’ అన్నదానికి ‘డిడ్’ ఎప్పుడు, ‘హ్యావ్ డన్’ ఎప్పుడు?

మీ ప్రశ్నని క్లుప్తంగా చెప్పుకుంటే ఇదీ: ఊరు నంద్యాల దగ్గర, చదువు తెలుగు మీడియం, ఇప్పుడు బెంగళూరులో సపోర్ట్ ఉద్యోగం, మారతహళ్ళిలో పీజీ (పేయింగ్ గెస్ట్) గదిలో ఉంటున్నారు. ‘హ్యావ్’ లేదా ‘హ్యాజ్’ పెట్టి పక్కన వి3 (క్రియ మూడో రూపం) పెట్టాలన్న ఫార్ములా నోటికి వచ్చు. కానీ పొద్దున స్టాండప్ కాల్‌లో, అంటే ఎవరి పని ఎంతవరకు వచ్చిందో టీమ్‌కి చెప్పే చిన్న మీటింగ్‌లో, నోరు తెరవగానే టెన్షన్. ‘ఐ డిడ్’ అనాలా, ‘ఐ హ్యావ్ డన్’ అనాలా తట్టదు, ఎందుకంటే తెలుగులో రెండూ ‘చేశాను’ అనే వస్తాయి. పైగా త్వరలో ఇంటర్వ్యూ ఉంది.

నేను ఈ ఊళ్ళోనే చాలా ఏళ్ళుగా స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మీలాంటి తెలుగు కుర్రాళ్ళు, అమ్మాయిలే. ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను.

పని ఎప్పుడు జరిగిందో చెబుతున్నా, అడుగుతున్నా సింపుల్ పాస్ట్, అంటే ‘డిడ్’. ఎప్పుడన్నది వదిలేసి, ఇప్పటికి పరిస్థితి ఏంటో చెబుతుంటే ప్రెజెంట్ పర్‌ఫెక్ట్, అంటే ‘హ్యావ్ డన్’.

‘ఐ సెంట్ ద మెయిల్ యెస్టర్‌డే.’ నిన్న అని చెప్పారు కాబట్టి ‘సెంట్’. ‘ఐ హ్యావ్ సెంట్ ద మెయిల్.’ ఎప్పుడు పంపారో ఎవరికీ అక్కర్లేదు, మెయిల్ వెళ్ళింది, ఇక మీరు చూసుకోవచ్చు అని అర్థం. రెండూ కలిపి ‘ఐ హ్యావ్ సెంట్ ద మెయిల్ యెస్టర్‌డే’ అనకూడదు. నా క్లాసులో నేను ఎక్కువగా దిద్దే వాక్యం ఇదే. దిద్దడం తేలిక: ‘హ్యావ్’ అయినా తీసేయండి, ‘యెస్టర్‌డే’ అయినా తీసేయండి.

ఇక అసలు చిక్కు. ‘తెలుగులో ఈ తేడానే లేదు, అందుకే మనకి రాదు’ అని చాలామంది టీచర్లు చెబుతారు. నేను ఒప్పుకోను. తేడా ఉంది, కాకపోతే అది క్రియలో లేదు, చుట్టుపక్కల మాటల్లో ఉంది. మీరు ‘చేశాను’ అన్న మాటనే పట్టుకుని తేడా వెతుకుతున్నారు కాబట్టి దొరకడం లేదు. దాని ముందేముందో చూడండి. నిన్న, మొన్న, పోయిన వారం, పొద్దున తొమ్మిదింటికి, 2021లో, నేను చెన్నైలో ఉన్నప్పుడు. ఇవి వస్తే ఆ టైమ్ అయిపోయింది, ‘డిడ్’ వైపు వెళ్ళండి. ఇంకా, ఇప్పటికే, ఇప్పటివరకు, ఇప్పుడే, ఎప్పుడైనా, ఒక్కసారి కూడా, నుంచి. ఇవి వస్తే లెక్క ఇవాళ్టి దాకా నడుస్తోంది, ‘హ్యావ్’ వైపు వెళ్ళండి.

‘లేదు’ సంగతి చూస్తే ఇది బాగా తెలుస్తుంది. ‘వాడు నిన్న రాలేదు’ అంటే ‘హి డిడ్ నాట్ కమ్ యెస్టర్‌డే’. ‘వాడు ఇంకా రాలేదు’ అంటే ‘హి హ్యాజ్ నాట్ కమ్ యెట్’. రెండింట్లోనూ ‘రాలేదు’ ఒకటే. తేడా అంతా ‘నిన్న’, ‘ఇంకా’ అన్న మాటల్లో ఉంది. ‘నువ్వు ఎప్పుడైనా మైసూరు వెళ్ళావా?’ అంటే ‘హ్యావ్ యూ ఎవర్ బీన్ టు మైసూర్?’ ‘ఎప్పుడు వెళ్ళావు?’ అంటే ‘వెన్ డిడ్ యూ గో?’ ఒక్క ‘ఐనా’ చేరగానే టెన్స్ మారిపోయింది చూడండి.

దీంతోపాటే ఇంకో సంగతి. ‘వెన్’ అని ప్రశ్న మొదలైతే మామూలుగా ‘హ్యావ్’ రాదు. ‘వెన్ హ్యావ్ యూ కమ్?’ తప్పు, ‘వెన్ డిడ్ యూ కమ్?’ ఒప్పు. మీకు మొదట్లో ఈ ఒక్కటి గుర్తున్నా సగం తప్పులు పోతాయి.

చిత్తూరు, కోలారు, హిందూపురం వైపు వాళ్ళు క్లాసులో ఉంటే నాకు పని కొంచెం తేలిక. వాళ్ళు ఇంట్లో ‘వాడు వచ్చుండాడు’ అంటారు. అంటే వచ్చాడు, ఇప్పుడు ఇక్కడే ఉన్నాడు. కన్నడలో ‘బందిద్దానె’ అంటారే, దాదాపు అదే. ‘హి హ్యాజ్ కమ్’ అని చెప్పగానే వాళ్ళకి చటుక్కున ఎక్కుతుంది. అయితే పూర్తిగా దాని మీద ఆధారపడకండి. ‘నిన్ననే వచ్చుండాడు’ అని మనం హాయిగా అనేస్తాం, ఇంగ్లిష్‌లో ‘హి హ్యాజ్ కమ్ యెస్టర్‌డే’ కుదరదు.

ఇప్పుడు మీ ఉద్యోగానికి అన్నింటికంటే ముఖ్యమైన దానికి వస్తాను: ‘నుంచి’.

‘నేను 2022 నుంచి ఈ కంపెనీలో పనిచేస్తున్నాను.’ తెలుగులో ‘చేస్తున్నాను’ ఉంది కాబట్టి అలవాటుగా ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ 2022’ అనేస్తాం. కన్నడ వాళ్ళూ అంటారు, తమిళులూ అంటారు. ఇండియాలో ఎవరితో అన్నా అర్థమవుతుంది, అందుకే ఈ తప్పు ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోతుంది. కానీ ఇంటర్వ్యూలో చెవికి ముందు తగిలేది ఇదే. ఒక పని అప్పుడెప్పుడో మొదలై ఇప్పటికీ నడుస్తుంటే ‘ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ సిన్స్ 2022.’ ‘యామ్’ తీసి ‘హ్యావ్ బీన్’ పెట్టడమే.

ఇందులోనే ఇంకో మెలిక. తెలుగులో ‘పదింటి నుంచి’ అంటాం, ‘గంట నుంచి’ కూడా అంటాం. ఇంగ్లిష్‌లో ఇవి రెండు దారులు. గడియారంలోనో క్యాలెండర్‌లోనో వేలు పెట్టి చూపించగలిగితే ‘సిన్స్’: సిన్స్ టెన్, సిన్స్ మండే, సిన్స్ 2022, సిన్స్ దిస్ మార్నింగ్. ఎంతసేపు, ఎన్నాళ్ళు అని కొలత చెబితే ‘ఫర్’: ఫర్ వన్ అవర్, ఫర్ త్రీ ఇయర్స్. ‘సిన్స్ త్రీ ఇయర్స్’ అన్నది మన దగ్గర ఎంత మామూలైపోయిందంటే రెజ్యూమెల్లో కూడా కనిపిస్తోంది. తీసేయండి.

మరి ‘నిన్నటి నుంచి’ సంగతేంటి? ఒంటరిగా ‘యెస్టర్‌డే’ ఉంటే ‘హ్యావ్’ రాకూడదన్నాను. ‘సిన్స్ యెస్టర్‌డే’ అంటే మాత్రం ‘హ్యావ్’ రావాలి, ఎందుకంటే నిన్న మొదలైంది గానీ ఇవాళ్టికీ ఆగలేదు. ‘ఇట్ హ్యాజ్ బీన్ స్లో సిన్స్ యెస్టర్‌డే.’ మాట ఒకటే అయినా ‘సిన్స్’ దాన్ని ఇవాళ్టి దాకా లాక్కొచ్చింది.

ఈ ‘ఫర్’ దగ్గర ఒక కుర్రాడి అనుభవం చెప్పాలి. ఇంటర్వ్యూలో ‘ఐ వర్క్‌డ్ ఇన్ దిస్ కంపెనీ ఫర్ టూ ఇయర్స్’ అన్నాడు. అతని ఉద్దేశం, రెండేళ్ళుగా చేస్తున్నాను అని. అవతలాయన వెంటనే ‘మరి ఎందుకు మానేశారు?’ అని అడిగాడు. కుర్రాడికి అసలు ప్రశ్నే అర్థం కాలేదు, మానలేదు కదా అని. ‘వర్క్‌డ్’ అనగానే విన్నవాడికి అది ముగిసిన ఉద్యోగం. ‘హ్యావ్ బీన్ వర్కింగ్’ అంటే ఇంకా చేస్తున్నట్టు. గ్రామర్ పరీక్షలో ఇది అర మార్కు తేడా. ఇంటర్వ్యూలో మాత్రం మీకిప్పుడు ఉద్యోగం ఉందా లేదా అన్నంత తేడా.

అదే కోవలో ప్రశ్న: ‘బెంగళూరులో ఎన్నాళ్ళ నుంచి ఉంటున్నారు?’ అనడానికి ‘హౌ లాంగ్ ఆర్ యూ ఇన్ బెంగళూరు?’ అనకండి. బయటిదేశం నుంచి వచ్చిన క్లయింట్‌ని అలా అడిగితే ఆయన ‘శుక్రవారం దాకా’ అని జవాబు చెబుతాడు, ఎందుకంటే ఆ ప్రశ్నకి అర్థం ‘ఇక్కడ ఎన్నాళ్ళు ఉంటారు?’ అని. వచ్చి ఎన్నాళ్ళయిందో కావాలంటే ‘హౌ లాంగ్ హ్యావ్ యూ బీన్ హియర్?’

మీది సపోర్ట్ పని అన్నారు కాబట్టి సర్వర్ ఉదాహరణే తీసుకుందాం. దీన్ని నేను క్లాసులో చాలాసేపు నడిపిస్తాను.

‘ద సర్వర్ వెంట్ డౌన్ ఎట్ టూ.’ రెండింటికి ఆగింది. ఇప్పుడు నడుస్తోందా లేదా? ఈ వాక్యం చెప్పదు. విన్న మేనేజర్ ‘ఓకే, ఇప్పుడు బాగానే ఉందిగా?’ అనుకోవచ్చు.

‘ద సర్వర్ హ్యాజ్ గాన్ డౌన్.’ ఆగింది, ఇప్పుడూ ఆగే ఉంది, ఏదో ఒకటి చేయండి.

‘ద సర్వర్ హ్యాజ్ బీన్ డౌన్ సిన్స్ టూ.’ రెండింటి నుంచి ఇప్పటిదాకా ఆగే ఉంది.

‘వియ్ హ్యావ్ రీస్టార్టెడ్ ద సర్వర్.’ రీస్టార్ట్ అయింది, చూసుకోండి. తర్వాత ఆయన ‘వెన్?’ అంటే ‘వియ్ రీస్టార్టెడ్ ఇట్ ఎట్ టూ థర్టీ.’

చివరి రెండు వాక్యాల వరస చూశారా? ముందు కబురు చెప్పేటప్పుడు ‘హ్యావ్’, ఆ తర్వాత వివరాల్లోకి దిగగానే ‘పాస్ట్’. ఇంగ్లిష్‌లో సంభాషణ చాలాసార్లు ఇలాగే నడుస్తుంది. టికెట్ (సమస్యని సిస్టమ్‌లో నమోదు చేయడం) సంగతే చూడండి: ‘ఐ హ్యావ్ రెయిజ్డ్ ఎ టికెట్. ఐ రెయిజ్డ్ ఇట్ ఎట్ ఎలెవెన్. ద నెట్‌వర్క్ టీమ్ రిప్లైడ్ ఎట్ ట్వెల్వ్.’ మనవాళ్ళలో కొందరు ‘హ్యావ్’తో మొదలుపెట్టి, అదే గౌరవం అనుకుని చివరిదాకా ‘హ్యావ్ హ్యావ్’ అంటూనే పోతారు. అక్కర్లేదు. మొదటి వాక్యంలో పని అయిపోతుంది.

ఈ ఊరి సంగతులతోనే మరో జత. ‘నమ్మ మెట్రో స్టార్టెడ్ ఇన్ 2011.’ ‘నమ్మ మెట్రో హ్యాజ్ బీన్ రన్నింగ్ సిన్స్ 2011.’ రెండింట్లోనూ అదే సంవత్సరం. ‘ఇన్ 2011’ అంటే ఆ ఏడు దగ్గరే ఆగిపోయాం. ‘సిన్స్ 2011’ అంటే ఇవాళ పొద్దున మీరెక్కిన రైలు దాకా వచ్చాం.

ఇస్రో ఉన్న ఊళ్ళో ఉన్నాం కాబట్టి చంద్రయాన్ కూడా చెప్పుకుందాం. ‘చంద్రయాన్-3 ల్యాండెడ్ ఆన్ ద మూన్ ఆన్ 23 ఆగస్ట్ 2023.’ ఈ వాక్యం వందేళ్ళ తర్వాతైనా ఇలాగే ఉంటుంది. అదే ‘దేశాలు ఎన్ని చంద్రుడి మీద మెల్లగా దిగాయి?’ అంటే ఆ రోజు జవాబు ‘ఫోర్ కంట్రీస్ హ్యావ్ ల్యాండెడ్ సేఫ్‌లీ ఆన్ ద మూన్’. సోవియట్ యూనియన్, అమెరికా, చైనా, మనం. 2024 జనవరిలో జపాన్ దిగింది, జవాబు ‘ఫైవ్’ అయింది. అంకె పెరగడానికి ఇంకా వీలుంటే అక్కడ ‘హ్యావ్’ ఉంటుంది. స్టాండప్‌లో ‘ఐ హ్యావ్ క్లోజ్డ్ ఫోర్ టికెట్స్ టుడే’ అనడం కూడా ఇలాంటిదే. సాయంత్రంలోగా ఐదోది క్లోజ్ చేయొచ్చు. రాత్రి పీజీకి వచ్చి రూమ్మేట్‌తో చెప్పేటప్పుడు ‘ఐ క్లోజ్డ్ సిక్స్ టికెట్స్ టుడే’ అనొచ్చు, పని అయిపోయింది కాబట్టి. అంటే ‘టుడే’ అన్న మాట రెండు వైపులా పోతుంది. దాని మీద మరీ బుర్ర బద్దలు కొట్టుకోకండి.

మనుషుల విషయంలోనూ ఇంతే. చిత్ర గారి గురించి ‘షి హ్యాజ్ సంగ్ థౌజండ్స్ ఆఫ్ సాంగ్స్’ అంటాం. ఇంకా పాడుతున్నారు, లెక్క మూసేయలేదు. బాలు గారు 2020లో వెళ్ళిపోయారు. ఇప్పుడు ఆయన గురించి ‘హి స్యాంగ్ థౌజండ్స్ ఆఫ్ సాంగ్స్’ అనాలి. క్లాసులో ఇది చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు ‘కానీ ఆయన పాటలు ఉన్నాయి కదా’ అంటారు. నిజమే, ‘హిజ్ సాంగ్స్ హ్యావ్ స్టేడ్ విత్ అస్’ అనండి, పాటల గురించి అయితే ‘హ్యావ్’ సరిగ్గా సరిపోతుంది.

‘బీన్’, ‘గాన్’ గురించి రెండు ముక్కలు. ‘హి హ్యాజ్ గాన్ టు చెన్నై’ అంటే వెళ్ళాడు, ఇంకా రాలేదు. ‘హి హ్యాజ్ బీన్ టు చెన్నై’ అంటే ఎప్పుడో వెళ్ళి వచ్చాడు, ఆ ఊరు చూశాడు. కాబట్టి ‘ఐ హ్యావ్ గాన్ టు చెన్నై’ అని ఎదురుగా కూర్చుని చెప్పడం వింతగా ఉంటుంది.

మీరు అడగలేదు గానీ, మీ మెసేజ్‌లో ఇచ్చిన మెయిల్ నమూనాలో ఒకటి కనిపించింది: ‘ఐ హ్యాడ్ సెంట్ ద రిపోర్ట్ యెస్టర్‌డే.’ ‘హ్యాడ్’ ఎందుకు? అది పెడితే మర్యాదగా, ఆఫీసు భాషలా ఉంటుందని మన దగ్గర ఒక నమ్మకం ఉంది. లేదు. ‘హ్యాడ్ సెంట్’ రావాలంటే దాని తర్వాత జరిగిన ఇంకో పాత సంఘటన ఉండాలి: ‘ఐ హ్యాడ్ సెంట్ ద రిపోర్ట్ బిఫోర్ యూ కాల్డ్.’ అది లేకపోతే ‘ఐ సెంట్ ద రిపోర్ట్ యెస్టర్‌డే’ చాలు.

వి3 సంగతి త్వరగా ముగిస్తాను. ‘హ్యావ్ వెంట్’, ‘హ్యాజ్ కేమ్’, ‘హ్యావ్ డిడ్’, ‘హ్యాజ్ బిగాన్’ తప్పులు. గాన్, కమ్, డన్, బిగన్ అనాలి. పెద్ద పట్టిక బట్టీ కొట్టకండి. మీ ఆఫీసులో రోజూ వాడే క్రియలు ఓ పాతిక ఉంటాయి: సెండ్, రైట్, టేక్, గివ్, సీ, ఫైండ్, బ్రేక్, రన్, గెట్ లాంటివి. వాటి మూడో రూపాలు వస్తే ఉద్యోగం నడిచిపోతుంది. ‘నో’ (తెలుసు), కలిగి ఉండటం అన్న అర్థంలో ‘హ్యావ్’ లాంటి వాటికి మాత్రం ‘ఇంగ్’ తగిలించకండి. ‘ఐ హ్యావ్ నోన్ హిమ్ సిన్స్ కాలేజ్’ అనండి, ‘ఐ యామ్ నోయింగ్ హిమ్’ వద్దు.

ఒక హెచ్చరిక. మీ క్లయింట్ అమెరికా వాళ్ళయితే ‘డిడ్ యూ ఈట్ యెట్?’, ‘ఐ ఆల్రెడీ సెంట్ ఇట్’, ‘ఐ జస్ట్ సా ఇట్’ అని వినిపిస్తుంది. స్కూల్లో మనకి నేర్పింది బ్రిటిష్ పద్ధతి, అందులో వీటికి ‘హ్యావ్’ కావాలి. వాళ్ళ దగ్గర ఈ మూడు మాటలతో సింపుల్ పాస్ట్ మామూలే, తప్పు కాదు. మీరు ఏది వాడినా ఫర్వాలేదు. కానీ ‘యెస్టర్‌డే’తో ‘హ్యావ్’ పెట్టడం మాత్రం అమెరికాలోనూ కుదరదు, లండన్‌లోనూ కుదరదు. ఇంకొకటి, వాళ్ళు ‘ఐ హ్యావ్’ అని విడమరచి పలకరు. ‘ఐవ్ సెంట్ ఇట్’ అంటారు, ఆ చివరి ‘వ్’ చెవికి ఆనదు. అందుకే కాల్స్ వింటూ నేర్చుకుందామంటే మీకు ‘హ్యావ్’ ఎక్కడా వినిపించదు. లేదనుకోకండి.

ఇక సాధన. యాప్‌లలో ఖాళీలు పూరించే పరీక్షలు నేను పెద్దగా నమ్మను. అక్కడ ‘యెస్టర్‌డే’ కళ్ళెదుట కనబడుతూ ఉంటుంది, జవాబు వచ్చేస్తుంది. మాట్లాడేటప్పుడు ఆ మాట ఇంకా మీ నోట్లోంచి రాకముందే క్రియ ఎంచుకోవాలి కదా. కాబట్టి మీ మెయిల్స్‌నే వాడుకోండి. సెంట్ ఫోల్డర్‌లో ‘సిన్స్’ అని వెతకండి, పక్కన ‘యామ్’, ‘ఈజ్’, ‘ఆర్’ ఉన్న వాక్యాలన్నీ దిద్దండి. తర్వాత ‘యెస్టర్‌డే’, ‘లాస్ట్’, ‘ఎగో’ అని వెతకండి, వాటిలో ‘సిన్స్’ లేకుండా ‘హ్యావ్’ ఉంటే తీసేయండి. మీ తప్పులు ఎక్కడ పోగుపడ్డాయో ఒక గంటలో మీకే తెలుస్తుంది.

స్టాండప్ ముందు కాగితం మీద రెండే వాక్యాలు రాసుకోండి. మొదటిది ‘యెస్టర్‌డే’తో మొదలవ్వాలి: ‘యెస్టర్‌డే ఐ టెస్టెడ్ ద లాగిన్ పేజ్.’ రెండోది ‘సో ఫార్’తో: ‘సో ఫార్ ఐ హ్యావ్ ఫౌండ్ త్రీ బగ్స్.’ టైమ్ మాటని వాక్యం మొదట్లోనే పెట్టేస్తే క్రియ దానంతట అదే సరిగ్గా వస్తుంది. తెలుగులో మనం టైమ్ ముందే చెబుతాం కదా, ‘నిన్న నేను టెస్ట్ చేశాను’ అని. ఆ అలవాటునే ఇంగ్లిష్‌లోకి తెచ్చుకోండి. తప్పేమీ కాదు, స్టాండప్‌లో అందరూ అలాగే మాట్లాడతారు.

ఇంటర్వ్యూకి మాత్రం ఈ ప్రశ్నలు ముందే అనుకుని వెళ్ళండి. ‘వెన్ డిడ్ యూ జాయిన్?’ అంటే ‘ఐ జాయిన్డ్ ఇన్ జూన్ 2022’, ‘హ్యావ్’ అక్కర్లేదు. ‘హౌ లాంగ్ హ్యావ్ యూ బీన్ విత్ దెమ్?’ అంటే ‘సిన్స్ జూన్ 2022’ చాలు, పూర్తి వాక్యం కూడా అవసరం లేదు. ‘హ్యావ్ యూ ఎవర్ హ్యాండిల్డ్ ఎ మేజర్ ఔటేజ్?’ అని అడిగితే ‘యెస్, ఐ హ్యావ్’ అని ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాత కథంతా ‘డిడ్’లో చెప్పండి: లాస్ట్ ఇయర్ అవర్ పేమెంట్ సర్వర్ వెంట్ డౌన్, ఐ చెక్డ్ ద లాగ్స్, ఐ ఫౌండ్ ద ప్రాబ్లమ్, వియ్ ఫిక్స్‌డ్ ఇట్. మీరు నిజంగా చేసిన పనుల్లోంచి ఇలాంటి కథలు రెండు తయారుచేసుకుని ఇక్కడే రాసి పెట్టండి, చూసి దిద్దుతాను.